స్పేస్ కొట్టిన గడి

పదో తరగతి బ్యాచ్ వాళ్లందరం ఓసారి కలుద్దామనుకున్నప్పుడు, పరిచయాల పుస్తకం పని నా మీద పడింది. నర్సీపట్నంలో లాటెక్‌తో టైప్‌సెట్టింగ్ చేసేవాణ్ణి నేనొక్కణ్ణే మరి. పేజీ ఎలా ఉండాలో మాటల్లో రాసిస్తే కంప్యూటరే అచ్చుకి సిద్ధం చేసే పద్ధతి అది. లెక్చరర్ల థీసిసులు దాంతోనే చేస్తాను. రాకెట్లు వదిలేవాళ్లు కూడా లెక్కలు నాకే పంపుతారని మావాళ్లకి చెప్పి ఉన్నాను. నమ్మారో లేదో గాని, పని మాత్రం అంటగట్టారు.

పట్టికలో మనిషికో వరస. ప్రతిసారీ అంతా కొట్టకుండా, ఒక్క మాటతో వరసంతా వేసిపెట్టే చిన్న మాక్రో రాసుకున్నాను. దానికి నాలుగు బ్రాకెట్లు: పేరు, ఊరు, పని, ఇంట్లో (అంటే భార్యో, భర్తో). అందరికీ అన్నీ ఉండవు కదా. ఖాళీగా వదిలితే "ఇంట్లో:" అన్న ముక్క ఒక్కటే బోసిగా వేలాడేది. అందుకని షరతు పెట్టాను: బ్రాకెట్లో ఏమీ లేకపోతే ఆ ముక్క కూడా వేయకు. వరసలన్నీ ముచ్చటగా ముడుచుకున్నాయి.

నా వరస దగ్గరే చెయ్యి ఆగింది.

మా ఫోను గ్రూపులో పదేళ్లుగా నాకో భార్య ఉంది. ఏజెన్సీ కొండల్లో నర్సు. డ్యూటీ వల్ల ఏ పెళ్లికీ రాలేదు పాపం. ఓసారి చిరుతపులికి సూదేసి, కట్టు కట్టి, బస్సెక్కించి పంపిందని కూడా రాశాను. కబుర్లకైతే సరే, అచ్చులో ఆవిణ్ణి పెట్టడానికి మనసొప్పలేదు. అలాగని ఉత్త బ్రాకెట్ మూయడానికీ ఒప్పలేదు. ఒక స్పేస్ కొట్టి మూసేసి, ఫైలు గ్రూపులో పెట్టాను.

మర్నాడు పొద్దున్నే నాతవరం నుంచి మా క్లాస్ లీడర్ ఫోను. అప్పుడూ ఇప్పుడూ అందరి తప్పులూ పట్టేది ఆవిడే.

"ఒరే, అందరివీ బాగున్నాయి. నీ ఒక్కడి దగ్గరే 'ఇంట్లో' అనేసి పక్కన ఏటీ లేదు. పెళ్లాం పేరు మర్సిపోనావేటి?"

చూస్తే నిజమే. నా షరతుకి స్పేస్ కూడా ఒక అక్షరం కిందే లెక్క. కంటికి కనపడకపోయినా అక్కడేదో ఉందనుకుంది.

"ట్రాన్స్‌ఫర్ మీద ఎలిపోనాది. కొత్త ఊరి పేరు ఇంకా..." అని మొదలెట్టాను.

"ఆపరా. పులిని బస్సెక్కించినప్పుడే తెల్సు మాకు."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు సెప్తంటే బాగుండేది, ఎందుకు సెడగొట్టడం? ఇప్పుడిది అచ్చుకెళ్లాలి. బేగి సెప్పు. ఉందా, లేదా?"

"లేదు," అన్నాను. పైకి ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ "టిఫిన్ సేసినావా?" అని అడిగి పెట్టేసింది.

షరతు మార్చాను. ముందు స్పేసులు తీసెయ్యి, ఆ తర్వాతే ఖాళీయో కాదో చూడు. ఈసారి నా వరస మూడు ముక్కలతో ముగిసింది. కొత్త ఫైలు గ్రూపులో పెట్టి, ఏడిపిస్తారేమోనని మధ్యాహ్నం దాకా ఫోను పట్టుకునే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి మీ ఆవిడెలా ఉందని అడిగేవాళ్లు కూడా లేరు.