అందరూ చాలన్నదాకా

ఆలోయిస్ ఇండెర్‌గాండ్ గారికి ఒకటే జబ్బు. చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరికి అందకపోయినా మిగతావాళ్ల చెయ్యి ముందుకు సాగనిచ్చేవారు కాదు.

జూరిక్ సరస్సు మీది కొండపైన, ఆ పరిశోధనశాలలో శుక్రవారం మధ్యాహ్నాలు కరిగిన జున్ను కుండ పెట్టేవారు. ప్రార్థన కాగానే అందరూ ఒకేసారి రొట్టెముక్కలు ముంచుకోవచ్చు, కాని తలా ఐదే. మిరియాల మర బల్ల చుట్టూ తిరిగి మళ్లీ తన చేతికొస్తే ఇంకో ఐదు. ఐదూ తిననివారు తినేదాకా మరను తమ దగ్గరే ఉంచుకోవచ్చు.

"మీ బల్ల దగ్గర ఆకలికన్నా ముందు ఓపిక చస్తుందండీ," అనేవాడు పై అంతస్తులో పనిచేసే బెయాట్.

ఆయన కంప్యూటర్లకు కట్టిన వలయానికీ ఇదే న్యాయం. భవనమంతా చుట్టొచ్చే గాజుతీగలో అన్ని యంత్రాలూ వాటా మేరకు ఒకేసారి పంపుకోవచ్చు. ఒక సంకేతం చుట్టూ తిరుగుతుంటుంది, అది తిరిగొస్తేనే ఇంకో వాటా. వాటా దక్కని యంత్రం దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పట్టుకునేది ఎప్పుడూ నేలమాళిగలో పనిచేసే ఉర్సీనా అనే అమ్మాయి యంత్రమే. పై అంతస్తులవాళ్లు తమ యంత్రాల ముందు కూర్చుని పంపే బొమ్మలన్నీ దాని మీదుగా పోతుంటే దానికి సందెక్కడిది?

ఉర్సీనా ఏడాదిపాటు తీసిన కొలతలు ఒక శుక్రవారం పన్నెండులోగా పరీక్షకుల యంత్రానికి చేరాలి. చేరకపోతే ఉద్యోగం పోయినట్టే.

ఆ వారం బుధవారం సమావేశంలో బెయాట్ తన బొమ్మలు మాటిమాటికీ ఆగిపోతున్నాయని మొరపెట్టుకున్నాడు. ఆ నియమం తీసేద్దామా అని అధిపతి అడిగితే చేతులు లేచాయి. ఆలోయిస్ ఆమె వైపు తిరిగారు.

"ఉర్సీనా, నీది మొత్తం వెళ్లిందా?"

సగమైనా వెళ్లలేదు. కాని పదిమందిని ఆపుతున్నది తనేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మొహమాటానికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే చుట్టంలా "అయిందండీ" అంది. అంతటితో ఊరుకోక తనూ చెయ్యెత్తింది. ఐదేళ్ల పనిని ఆ సాయంత్రమే ఆయన తన చేత్తో తీసేశారు. మళ్లీ ఎవరూ పెట్టలేదు. ఆ చెయ్యి ఎందుకెత్తానా అని ఉర్సీనా ఈనాటికీ నొచ్చుకుంటుంది.

శుక్రవారం పదకొండయ్యేసరికి ఇంకా మూడోవంతు మిగిలింది. తెరమీద అంకె చీమలా పాకుతోంది. పైకెళ్లి కాస్త ఆగమని అడుగుదామంటే మొహం చెల్లలేదు. పావుగంట గడిచాక ఉన్నట్టుండి దారి ఖాళీ అయింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా అంతా చేరింది. దేవుడి దయ అనుకుని శిలువ గుర్తు వేసుకుంది.

మెట్ల మీద బెయాట్ రుసరుసలాడుతూ ఎదురొచ్చాడు.

"ఇవాళ పదకొండింటికే భోజనానికి పిలిచాడమ్మా మహానుభావుడు. రెండు చుట్లు కాగానే మర పట్టుకుని కూర్చున్నాడు. అరగంటసేపు ఒక్క ముక్కే నమిలాడు. అడిగితే ఇంకా ఆకలంటాడు. మేము లేవలేం, తినలేం, వెళ్లి బొమ్మలూ పంపలేం."

ఉర్సీనా గబగబా పైకెక్కింది. భోజనాలగదిలో ఆలోయిస్ ఒక్కరే బెల్టు వదులు చేసుకుని కూర్చున్నారు.

"బుధవారం మీతో అబద్ధమాడానండీ," అంది.

"తెలుసమ్మా. నేను ఇవాళాడాను. రెండో చుట్టుకే కడుపు నిండిపోయింది." ఆయన ఆయాసంగా నవ్వారు. "రేపు సాయంత్రం ఇద్దరం పాదిరిగారి దగ్గర పాపాలు ఒప్పుకుందాం. ముందు నువ్వెళ్లు. నావి చాలా ఉన్నాయి, వెనకాల వాళ్లు ఆగిపోతారు."