పలకని గాంధారం

కోదాడ దాటి సూర్యాపేట వైపు వచ్చే దారిలో హైవే పక్కన ఈమధ్య ఒక పెద్ద హోటల్ తెరిచారు. మొన్న మధ్యాహ్నం అక్కడ భోజనానికి ఆగాను. కోదాడలో ఒక స్కూలు వార్షికోత్సవంలో నా దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లల చేత వాయింపించి, వాళ్ళను తల్లిదండ్రుల వెంట పంపేసి, ఒక్కదాన్నే తిరిగి వస్తున్నాను. పప్పులో నెయ్యి కలుపుకుంటుంటే పైకప్పు స్పీకర్లలోంచి ఆర్గన్ వినిపించింది. ముందు పట్టించుకోలేదు. హోటళ్ళలో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది కదా. కానీ పాట నడుమ ఒకచోట వేళ్ళు ఒక మెట్టు మీద దిగబోయి, దిగకుండా పక్కకు తప్పుకున్నాయి. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అట్లా తప్పుకునే అలవాటు ఈ లోకంలో నాకొక్కదానికే ఉంది.

వడ్డించే అతన్ని పిలిచి ఇది ఎవరు వాయించిందని అడిగాను.

"మా ఓనర్ గారి నాన్నగారండీ. పెద్ద మ్యుజీషియన్ అంట. ఆయన పెట్టె కూడా అదిగో, కౌంటర్ పక్కనే ఉందండీ" అన్నాడు.

లోపలికి వస్తూ నేను చూడనేలేదు. గోడకు దండ వేసిన ఫొటో, దాని కింద రెండు వరసల మెట్లున్న పాత ఆర్గన్. దాని నెత్తిన ఆవకాయ, గోంగూర సీసాలు పేర్చి అమ్మకానికి పెట్టారు. ఫొటోలో నవ్వుతున్నది వేణు సార్. చేయి కడుక్కోకుండానే చాలాసేపు అక్కడ నిలబడ్డాను. ఇవ్వాళ నేను నలుగురికి సంగీతం చెప్పుకుని బతుకుతున్నానంటే దానికి కారణం ఆ మనిషే. ఆ మనిషి ఫొటోకు దండం పెట్టాలని మాత్రం నాకు అనిపించలేదు.

ఆయన పేరు వేణుగోపాల్. మిర్యాలగూడలో వాళ్ళది రైస్ మిల్లు. వ్యాపారం అన్న చూసుకునేవాడు కాబట్టి తమ్ముణ్ణి మిల్లులో అందరూ చిన్న పటేలు అనేవాళ్ళు. నేను సార్ అనేదాన్ని. మాది హాలియా దగ్గరి తండా. మా యాడి, అంటే అమ్మ, నాట్లకు పోయి నన్ను డిగ్రీ దాకా చదివించింది. చదువు అయిపోగానే ఆ మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చుని, లారీలను తూచే వే బ్రిడ్జి చీటీలు కొట్టే ఉద్యోగం దొరికింది. లారీలు, వడ్లు, తేమ, తరుగు, ఇదే నా లోకం అనుకున్నాను. ఆఫీసు వెనక గదిలో ఏముందో నాకు తెలియదు.

సార్ పడుచు వయసులో హైదరాబాదులో చదువుతూ ప్రోగ్రెసివ్ రాక్ అనే విదేశీ సంగీతం పిచ్చిలో పడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడో సికింద్రాబాదులో ఒక క్లబ్బు మూతపడుతుంటే అక్కడి ఆర్గన్‌ను కొని, ఖాళీగా తిరిగివచ్చే వడ్ల లారీలో ఎక్కించి మిర్యాలగూడ తెచ్చుకున్నాడు. దాంతోపాటు బీరువా అంత చెక్క స్పీకరు ఒకటి. దానిలో ఒక కొమ్ము గిరగిరా తిరుగుతూ ధ్వనిని గది నలుమూలలా చల్లేది. ఇంత సామాను ఇంట్లో పెట్టడానికి భార్య ఒప్పుకోలేదట. అందుకని అది ఖాళీ గోనెసంచుల మధ్య మిల్లులోనే ఉండిపోయింది. ఊక ధూళి పడకుండా ఎన్ని దుప్పట్లు కప్పినా పడేది.

ఒకరోజు అన్నాలప్పుడు మిల్లు ఆగగానే ఆ గదిలోంచి గుమ్మని ఒక ధ్వని వచ్చింది. నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

"హార్మోనియం వాయిస్తవంట గదా? ఎవరో చెప్పిన్రు" అన్నాడు సార్ వెనక్కి తిరక్కుండానే.

"మా తండల భజన మండలిది సార్. ఏదో జర వస్తది."

"జర వచ్చినోళ్ళే మంచిగ నేర్చుకుంటరు. శాన వచ్చినోళ్ళు వినరు. రా, కూసో."

ఆ ఆర్గన్‌ను లేపడమే ఒక పద్ధతి. రెండు స్విచ్చులు ఉండేవి. మొదటిది నొక్కి పట్టుకోవాలి. లోపల ఇనుప చక్రాలు మెల్లగా కదిలి, వేగం అందుకున్నాక, దాన్ని వదలకుండానే రెండోది వేయాలి. అప్పుడు వెచ్చబడిన నూనె వాసన, కాలిన ధూళి వాసన కలిసి వచ్చేవి. నేను తొందరపడి ముందే వదిలితే సార్ మళ్ళీ మొదటికి తెచ్చేవాడు. "దానికి తయారయ్యే టైం ఇయ్యకుంటే అది నీకేమిస్తది?" అనేవాడు. ఇప్పటికీ క్లాసులో ఏ పిల్లవాడైనా కూర్చోగానే మెట్ల మీద పడితే నా నోటివెంట ఆ మాటే వస్తుంది. వచ్చాక నాలిక కరుచుకుంటాను.

ఆయన వినిపించిన క్యాసెట్లలో ఒక పక్క మొత్తం ఒకటే పాట ఉండేది. అంత పొడుగు పాట ఎవరు వింటారని నవ్వాను ఒకసారి.

"మీ తండల పండుగకు పాట ఎత్తుకుంటే ఎప్పుడు ఆపుతరు?" అని అడిగాడు.

"ఆపం సార్. అలిసిపోయినంక అదే ఆగుతది."

"మరింగ? వాళ్ళది గంతే. నవ్వుతవెందుకు?"

అంతకుముందు మా తండా పాటను ఇంకొక దాని పక్కన అంత తేలిగ్గా, అంత సమానంగా పెట్టినవాళ్ళు నాకు తారసపడలేదు. ఆ ఒక్క మాటకు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఆయన తనకు ఇష్టమైన వాద్యాల గురించి మొదలుపెడితే అన్నం తినడం మరిచిపోయేవాడు. అన్నిటికంటే ముందు ఆర్గన్. తర్వాత మెలోట్రాన్. అది ఆయన ఫొటోల్లో తప్ప చూడలేదు. దానిలో ఒక్కో మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుందట, దాని మీద వయొలిన్లో, వేణువులో ముందే రికార్డు చేసి ఉంటాయట. మెట్టు నొక్కితే కొన్ని క్షణాలు పలుకుతుంది, టేపు అయిపోగానే చప్పుడు ఉండదు, ఎంత గట్టిగా నొక్కి పట్టుకున్నా సరే. "అందుకే దాన్ని వాయించెటోనికి ఎప్పుడు వదలాల్నో ఎరుక ఉండాలె" అనేవాడు. మూడోదిగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలా వైర్లు వేలాడే సింథసైజర్ వచ్చేది. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. తప్పు పట్టలేం.

నేర్పడంలో మాత్రం కఠినుడు. నేను గొప్ప కోసం వేళ్ళు పరిగెత్తిస్తే చెప్పాపెట్టకుండా స్విచ్చి తీసేసేవాడు. చక్రాలు నెమ్మదిస్తుంటే నా స్వరాలు మూలుగుతూ కిందికి జారేవి. "చెయ్యి ఖాళీగ ఉన్నదని మెట్టు నొక్కకు. వాయించకపోవుడు గూడ వాయించుడే" అనేవాడు. ఆయనకు వినడం వచ్చినంతగా వాయించడం రాదు. వేళ్ళు బిగుసుకునేవి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

ఒక సీజన్లో పై వరస నడుమ నేను గాంధారం అనుకునే తెల్ల మెట్టు పలకడం మానేసింది. లోపలికి ఊక ధూళి పోయి ఉంటుంది. కింది వరసలో అదే స్వరం ఉంది గానీ అక్కడ నా ఎడమ చేయి శ్రుతి పట్టుకుని ఉండేది, పైగా అక్కడ ఆర్గన్ గొంతు మారేది. ఇప్పి చూద్దామా సార్ అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇప్పితే మల్ల పెట్టెటోడు ఈడ లేడు. సుట్టు తిరిగి పో." సరే, చుట్టూ తిరిగి పోవడం నేర్చుకున్నాను. మాలాంటి వాళ్ళకు అది ఎవరూ నేర్పనక్కర్లేదు కూడా.

హమాలీల సమ్మెతో మిల్లు మూగబోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మేము, మొన్న హోటల్లో నేను విన్న ఆ పాట రికార్డు చేశాం. మొదలు, చివర ఎట్లా ఉండాలో ఆయన చెప్పాడు. "నడుమ నీ ఇష్టం" అన్నాడు. తీజ్ పండుగకు మా ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరుగుతూ పాడే పాట ఒకటుంది. తండాలో దాన్ని ఎత్తుకునేది మా యాడే. నేను అదే వాయించాను. పాట మలుపు తిరిగే చోట ఆ గాంధారం కావాలి. అది లేదు. పక్క స్వరాల మీదుగా తప్పుకుని పోయాను. అయిపోయాక సార్ కళ్ళు తుడుచుకుని, "ఇది నీది పిల్లా. పూర నీది" అన్నాడు. గదిలో గోనెసంచులు తప్ప విన్నవాళ్ళు ఎవరూ లేరు.

క్యాసెట్టు తండాకు తీసుకుపోయి యాడికి వినిపించాను. ఆమె పకపకా నవ్వింది. పాట మంచిగనే ఉంది గానీ నడుమ పన్ను ఊడిన నోరు లెక్క ఉన్నదన్నది. నాకు కోపం వచ్చింది.

తర్వాత ఒక ఆదివారం సార్ పాత స్నేహితులు హైదరాబాదు నుంచి వచ్చారు. ముందురోజే నాతో, "రేపు రా కమలా, వాళ్ళకు మన పాట వినిపిద్దాం" అన్నాడు. మన పాట అన్నాడు. నేను తలారా స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని మిల్లు ఆఫీసుకు పోయాను. వాళ్ళు సోఫాల్లో, నేను తలుపు పక్కన కుర్చీలో. సార్ క్యాసెట్టు పెట్టాడు. పాట అయిపోయింది.

"వేణూ, నీ చేతిల ఇంత కళ ఉన్నదని ఎన్నడు చెప్పలేదేందిరా!" అన్నాడు ఒకాయన.

నేను సార్ ముఖం వైపు చూస్తున్నాను. ఒక్క మాట చాలు. అటు చెయ్యి చూపించినా చాలు.

సార్ నవ్వాడు. "ఏదో టైంపాస్‌కు" అన్నాడు.

"నడుమ ఆ జానపదం ఎక్కడిది?"

"మా దిక్కు తండలల్ల పాడుతరు. పట్టుకొచ్చిన." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "కమలా, సార్లకు చాయ్ చెప్పు పో."

చెప్పాను. చాయ్ చెప్పి, అటునుంచి అటే గేటు దాటి బస్టాండు దాకా నడిచాను. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మండింది.

మర్నాడు అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తే నిన్ను వాయించుమంటరు. పెద్దోళ్ళ ముందట నీకు చేతులు వణుకుతయ్."

"నా చేతులు ఎన్నడు వణికినయ్ సార్?"

ఆయన గొంతు పెంచాడు. "ఆర్గన్ నాది. గది నాది. నేర్పింది నేను. ఇంగ నీదేముందే?"

"చేతులు" అన్నాను.

ఆయన పలకని మెట్టును వేలితో టకటకా నొక్కుతూ కూర్చున్నాడు. ఆ వడ్ల సీజన్ అయిపోగానే ఉద్యోగం మానేసి సూర్యాపేట వచ్చాను. ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరాను. ఆయన నేర్పింది పెట్టుబడిగానే ఇల్లు గడిచింది, ఆ మాట కాదనను. అందుకే మరింత చేదు. పూర్తిగా చెడ్డవాడైతే ఒక్క తిట్టుతో వదిలేసేదాన్ని.

చాలా ఏళ్ళకు ఆయన సూర్యాపేటలో ఒక దవాఖానలో ఉన్నాడని తెలిసి పోయాను. చిక్కిపోయాడు. పక్కన కొడుకు కార్తీక్ ఉన్నాడు. ఈమె ఎవరు నాన్నా అని అడిగాడు. సార్ నన్ను చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆ పాట నాదని ఇప్పుడైనా అంటాడేమోనని ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ.

"మన మిల్లుల చీటీలు కొట్టేది" అన్నాడు.

అబద్ధం కాదు. తెచ్చిన బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ నెలలోనే పోయాడు.

మొన్న హోటల్లో ఆయన ఫొటో ముందు నేను నిలబడి ఉంటే కార్తీక్ లోపలినుంచి వచ్చాడు. నన్ను ఆనవాలు పట్టలేదు. నేను ఎవరో చెప్పి, ఈసారి దాచుకోకుండా నేరుగానే అన్నాను. "ఈ పాట వాయించింది నేను. నడుమ వచ్చేది మా అమ్మ పాట."

అతను నొచ్చుకోలేదు, ఎగతాళి చేయలేదు. మర్యాదగా నవ్వాడు. "మీరు నాన్న స్టూడెంట్ కదా మేడం. ఆయన దగ్గర నేర్చుకున్నోళ్ళకు ఆయన లెక్కనే వాయించుడు వస్తది. వినంగనే మీదే అనిపించి ఉంటది. నాన్నకు ఫోక్ అంటే ప్రాణం."

నేను పై వరసలో ఆ తెల్ల మెట్టు చూపించి, ఇది పలకదు, అందుకే పాటలో అక్కడ ఆ స్వరం లేదు, వినండి అన్నాను. అతను ఆవకాయ సీసాలు కొంచెం జరిపి, మెట్టు నొక్కాడు. తర్వాత దాని పక్కది, దాని పక్కది. ఏదీ పలకలేదు. "లోపల మెషిన్ ఎప్పుడో తీసేసినం మేడం, బరువైతుందని" అన్నాడు. నా భోజనానికి డబ్బులు వద్దన్నాడు. నేను ఇచ్చే వచ్చాను.

మర్నాడు సాయంత్రం క్లాసులో తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ తీజ్ పాటే వాయిస్తోంది. రెండేళ్ళ కింద యాడి పోయాక, పాట కూడా పోకుండా ఉండాలని పిల్లలకు నేర్పుతున్నాను. మలుపు దగ్గర ఆ అమ్మాయి వేళ్ళు సరిగ్గా నా లాగే పక్కకు తప్పుకున్నాయి. ఆపమన్నాను.

"అక్కడ గాంధారం ఉంది. నొక్కు."

"మీరు నొక్కరు గద మేడం" అన్నది ఆ పిల్ల ఆశ్చర్యంగా.

కొత్త కీబోర్డు. అన్ని మెట్లూ పలుకుతాయి. నేనే కూర్చుని, పాట మొదటినుంచి ఎత్తుకుని, మలుపు దగ్గరికి రాగానే గాంధారం నొక్కాను. అది నిండుగా, మా యాడి పాడినట్టే పలికి ఉండాలి. నా చెవికి మాత్రం అదే తప్పుగా వినిపించింది.