నైరుతి మూల నీళ్ళ ట్యాంకు

మా మామగారు వెంకటప్పయ్య గారు ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే వాళ్ళ వంటగది ఎటుందో చూస్తారు. పామర్రు దగ్గర మా ఊళ్ళో ఆయన మాట మీద గేట్లు మార్చుకున్న ఇళ్ళు బోలెడు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే నా బీరువా ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది గానీ, కొత్త కోడల్ని కదా, నోరు మూసుకున్నాను.

బీరువాతో పోయి ఉంటే బాగుండేది. ఆయన దిక్కులు నా ఉద్యోగం దాకా వచ్చాయి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంటి ఆసుపత్రికి వచ్చే ఫోన్లు నేను ఇంట్లో కూర్చుని నెట్టు మీద మాట్లాడతాను. మాట మధ్యలో తెగిపోతే అవతల కంటి నొప్పితో ఉన్న మనిషి ఊరుకుంటాడా? మా ఊరి కేబుల్ వారంలో సగం రోజులు పనిచేయదు. సెల్ సిగ్నల్ మేడ ఎక్కితే గానీ అందదు. చివరికి మా సూపర్‌వైజర్ రాగిణి గారు మెత్తగానే చెప్పారు. "సింధూరీ, ఈ నెలాఖరు దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే రోజూ ఆఫీసుకి రావాల్సిందే." రెండేళ్ళ పాపను వదిలి రోజూ బస్సులో విజయవాడ వెళ్ళి రావడం నా వల్ల కాదు. అంటే ఉద్యోగం పోయినట్టే. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం.

మా ఊళ్ళో కొందరు కలిసి అప్పటికే సొంతంగా ఒక నెట్టు పెట్టుకున్నారు. పామర్రు నుంచి ఒక మంచి లైను రైస్ మిల్లు మేడ మీదికి తెచ్చుకుంటే, అక్కడి నుంచి వైర్లు లేకుండా ఇంటింటికీ అందుతుంది. చేరడం పెద్ద పనేం కాదు. మన మేడ మీద ఒక గొట్టం పాతి, దానికి అన్నం పళ్ళెమంత డిష్షు బిగించి, మిల్లు వైపు తిప్పాలి. మధ్యలో అడ్డం ఏమీ ఉండకూడదు. షరతు ఒకటే, మనకి వచ్చింది పక్కింటికి కూడా అందనివ్వాలి. పామర్రులో లెక్చరర్‌గా చేసే విఠల్ ఆదివారాలు ఈ పని చూస్తాడు.

ఆ ఆదివారం అతను మా మేడ ఎక్కి, మిల్లు కనపడే మూల చూపించాడు. అది ఈశాన్యం. మామగారి ముఖం మాడిపోయింది.

"ఈశాన్యంలో బరువు పెట్టకూడదు బాబూ. అందులోనూ ఇనుము. నైరుతిలో పెట్టండి."

"నైరుతిలో మీ నీళ్ళ ట్యాంకు ఉంది కదండీ. దాని వెనక పెడితే మిల్లు కనపడదు."

"ప్లాస్టిక్ ట్యాంకేగా. పెట్టి చూడండి, పోయేదేముంది."

పెట్టి చూశారు. ఆ రోజు పొద్దున్నుంచి మా వీధికి కరెంటు లేదు. మోటారు వెయ్యలేదు కాబట్టి ట్యాంకు ఖాళీ. విఠల్ తన బ్యాటరీ తగిలించి చూస్తే సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. అతనే ఆశ్చర్యపోయాడు. మామగారు నా వైపు ఒక చూపు చూశారు. బీరువా జరిపిన రోజూ అదే చూపు.

మర్నాడు పొద్దున హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ఫోనే మధ్యలో తెగింది. సాయంత్రానికి నెట్టు దానంతటదే బాగైంది. ఆ మర్నాడు పొద్దున మళ్ళీ అదే తంతు. విఠల్ ఆదివారం దాకా రాలేనన్నాడు. రాగిణి గారు "ఏమైందమ్మా" అని మెసేజ్ పెట్టారు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. బయటికొచ్చి మామగారి మీద అరిచాను.

"మీ నైరుతి చల్లగా ఉంటే చాలు మామయ్యగారూ. నా ఉద్యోగం పోతే పోనివ్వండి."

ఆయన మేడ మీదికి వెళ్ళిపోయారు.

ఆశ్చర్యం, మరుసటి రోజు నుంచి నెట్టు కుదురుకుంది. ఒక్క ఫోనూ తెగలేదు. ఇంక రానక్కర్లేదని విఠల్‌కి చెప్పేశాను. నెలాఖరున రాగిణి గారు ఫోన్ చేసి, "ఇంటి నుంచే చేసుకో సింధూరీ, ఇప్పుడు బాగుంది" అన్నారు. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ సంతోషంలో ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. వంటింట్లోనూ బాత్రూంలోనూ రోజూ బకెట్లు నిండి ఉండడంతో అన్నాళ్ళూ కుళాయి సంగతే నాకు పట్టలేదు.

పెరట్లోకి వెళ్ళి చూస్తే మామగారు చేతిపంపు కొడుతున్నారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"మోటారు పాడైందా మామయ్యగారూ?"

"మోటారుకేం, బాగానే ఉంది. ట్యాంకు నిండితే నీ నెట్టు పోతోందమ్మాయ్. నువ్వు కోప్పడ్డ రోజు పైన కూర్చుని చూశాగా. నీళ్ళు తగ్గేకొద్దీ ఆ డిష్షు వెనక పెట్టెలో సిగ్నల్ దీపాలు పెరుగుతున్నాయి. అందుకని మోటారు కట్టేశా."

"గొట్టం ఆ మూలకి మారిస్తే సరిపోయేది కదండీ."

ఆయన నా వైపు చూడలేదు. "ఈశాన్యం చెడితే పిల్లలకి మంచిది కాదంటారమ్మా. పాప ఉంది కదా. అలాగని నీ ఉద్యోగం పోకూడదు. ఈ నాలుగు బకెట్లు మొయ్యడం ఎంత పని?"

ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే కరిగిపోయింది. బకెట్ అందుకుని లోపలికి మోసుకెళ్ళాను.

ఆదివారం విఠల్‌ని మళ్ళీ పిలిచాను. డిష్షు విప్పి మామగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎత్తి దించి చూశారు. పక్కనే పాప ఆడుకుంటున్న ఇత్తడి గిన్నె కూడా ఎత్తి చూశారు. గిన్నే బరువుగా ఉంది. గిన్నె కింద పెట్టి, "ఇనప గొట్టం మాత్రం వద్దు, వెదురు గడ కడదాం" అన్నారు. అలా నా డిష్షు ఈశాన్యానికి వెళ్ళింది, కుళాయిల్లోకి నీళ్ళు వచ్చాయి.

ఆ తర్వాత మా వెనకింటి అమలమ్మ గారు చేరారు. వాళ్ళకి మా మేడ మీంచే అందాలి. విఠల్ కన్నా ముందే మామగారు వాళ్ళ మేడ ఎక్కారు. అమలమ్మ గారికి ఆయన సంగతి బాగా తెలుసు, వాళ్ళ గేటు కూడా ఆయన మార్పించిందే. అందుకే గొట్టాన్ని ముందుగానే నైరుతి మూల ట్యాంకు పక్కన ఆనించి పెట్టుకున్నారు.

"అక్కడొద్దు అమలమ్మా, అది నీళ్ళకే. దీన్ని మా ఇల్లు కనపడే చోట పెట్టుకో."

"అది ఏ దిక్కండీ వెంకటప్పయ్య గారూ? మంచిదేనా?"

మామగారు మా ఇంటి వైపు తిరిగి చూశారు. కిటికీలో హెడ్‌సెట్ పెట్టుకుని నేనున్నాను.

"అది మా సింధూరి కూర్చునే దిక్కమ్మా," అన్నారు. "మంచిదే."