మనోజగారి కంటిన్యూటీ

మనోజగారు మా ఆఫీసులో చేరిన రోజు నాకు ఒళ్లు మండింది. జూబ్లీహిల్స్‌లో మ్యాపులు తయారుచేసే ఆఫీసు మాది. అక్కడ సినిమా మనిషికేం పని? ఆవిడ అంతకుముందు ఫిల్మ్‌నగర్‌లో కంటిన్యూటీ చూసేవారు. ఒక షాట్‌లో హీరోయిన్ వేసుకున్న గాజులు తర్వాతి షాట్‌లోనూ ఉన్నాయా, టీ గ్లాసు ఏ చేతిలో ఉంది, ఇదీ ఆవిడ పని. నెలల తరబడి షూటింగుల వెంట ఊళ్లు తిరగలేక, బోరబండ నుంచి రోజూ వచ్చిపోయే ఉద్యోగం చూసుకున్నారట.

"సూర్యప్రకాశరావు సార్, మీ కుర్చీ నిన్న కిటికీ దిక్కు ఉండె గదా?" అన్నారు మర్నాడే. నిజమే, ఎండ పడుతోందని నేనే జరుపుకున్నాను. ఈవిడతో జాగ్రత్తగా ఉండాలనుకున్నాను.

ఆ వేసవిలో నీళ్ల ట్యాంకర్లు పంపే ఆఫీసొకటి మమ్మల్ని మ్యాపు అడిగింది. వాళ్లు ఈ జూబ్లీహిల్స్ కొండంతా ఒక్క తెరమీద చూసుకుని, ఇళ్లు కనిపించిన చోటికి బండి పంపుతారు. అంత దూరం నుంచి చూస్తే ఇళ్లూ సందులూ అలికేసిన ముగ్గులా కలిసిపోతాయి. అందుకే వివరాలు తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ కావాలి. మూడు రకాలు తెప్పించి, ఏది మంచిదో తేల్చమని మా మేనేజరు రఘునందన్ మనోజగారికి అప్పగించాడు.

మొదటిది చిన్న ఇళ్లు తీసేసి పెద్దవి ఉంచుతుంది. రెండోది పక్కపక్క ఇళ్లను కలిపి ఒకే ముద్ద చేస్తుంది. మూడోది ప్రతి గుంపులోంచి కొన్ని ఇళ్లను ఉంచి, ఒకదానికొకటి తగలకుండా కాస్త జరిపి పెడుతుంది. మనోజగారు దగ్గరి మ్యాపొకటి, దూరపు మ్యాపొకటి పక్కపక్కన పెట్టుకున్నారు. దూరపు మ్యాపులో ఉన్న ఒక్కో ఇంటినీ పట్టుకుని, అది దగ్గరి మ్యాపులోనూ అదే చోట ఉందా అని చూసేవారు. అచ్చం షాట్లు సరిచూసినట్టే. నాకూ కుతూహలం ఆగక కుర్చీ ఈడ్చుకుని పక్కన చేరాను.

రెండో దాంట్లో ఇళ్ల ముద్ద పక్కనున్న బండరాయి మీదికి పాకింది. "ట్యాంకరు బండెక్కుతదా సార్?" అని కొట్టేశారు. మూడో దాంట్లో రోడ్డు మలుపుకు ఇవతల ఉండాల్సిన ఇల్లు అవతలికి పోయింది. "జంప్!" అని అరిచారు. షాటుకూ షాటుకూ పొంతన తప్పితే సినిమావాళ్లు అనే మాట అది. మొదటి దాంట్లో ప్రతి బంగళా ఉండాల్సిన చోటే ఉంది. దానికే ఎక్కువ మార్కులు వేశారు. నేనూ తలూపాను.

రిపోర్టు ఇచ్చేముందు ఒకసారి వెళ్లి ఆ చోటు చూసి రావడం మా ఆఫీసు పద్ధతి. మనోజగారు నన్ను ఫిల్మ్‌నగర్ వెనక గుట్టమీద బస్తీకి తీసుకెళ్లారు. వాళ్ల అక్క శకుంతల అక్కడే ఉంటుంది. ఎండకు నా నాలుక పిడచకట్టుకుపోయింది. శకుంతల చెంబుతో నీళ్లిచ్చింది, గటగటా తాగేశాను. ఆ తర్వాత గోడవారన బిందెలు చూశాను. ఒక్కదాంట్లో తప్ప నీళ్లు లేవు. నాకు సిగ్గేసింది.

"అక్కా, ఇగ ట్యాంకర్ల ఫికర్ లేదు. గీ మ్యాపు చూసే పంపుతరు" అంటూ మనోజగారు సంబరంగా ఫోన్లో మొదటి మ్యాపు చూపించారు. శకుంతల వేలితో వెతుక్కుంటూ వెళ్లింది. రోడ్డు దొరికింది. కింది బంగళాలు దొరికాయి.

"మా ఇల్లేదే?"

మనోజగారూ వెతికారు. బస్తీ ఉండాల్సిన చోటంతా ఖాళీ.

"మరి గీడికి బండి ఎట్లొస్తది?" అంది శకుంతల. కోపంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. అందుకే మరీ గుచ్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మనోజగారి కళ్లు తడిగా ఉన్నాయి. "ఉన్న ఇండ్లు సక్కగున్నయా అనే చూసిన సార్. ఎవలు లేరో చూడలే. మా అక్కనే లేదు."

ఆఫీసుకు రాగానే మూడో మ్యాపు మళ్లీ తెరిచారు. గుట్టమీద కొన్ని ఇళ్లు ఎడంఎడంగా ఉన్నాయి. వాటిలో ఏదీ సరిగ్గా శకుంతల ఇంటి చోట లేదు. ఆవిడ చాలాసేపు చూసి, ఉన్నట్టుండి నవ్వారు. "జాతర సీనుకు ఊరందరినీ పిలుస్తమా సార్? కొంతమందినే దూరం దూరం నిలబెడతం. చూసేటోళ్లకు జాతర కనబడుతది." మార్కులన్నీ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి దగ్గరి మ్యాపులోని బస్తీలను పట్టుకుని దూరపు దాంట్లో వెతికారు. ఎక్కువ మార్కులు మూడోదానికే వచ్చాయి.

రఘునందన్‌కు ఆ ఫలితం నచ్చలేదు. "ఇందులో ఇళ్లు పక్కకు జరిగాయి కదండీ. రేపు వాళ్లు తప్పంటే ఏం చెప్తాం?"

"తప్పే సార్. గని గుట్టమీద ఇండ్లున్నయని కనబడితే బండి సందు మొదట్ల దాకన్న వస్తది. ఆడిదాంక మా అక్కనే బిందె పట్టుకొని ఎదురుపోతది."