అడ్డబొట్టు మైలోడు, నిలువుబొట్టు తెల్లోడు

ఆ రోజుల్లో మా వైపు దేవుడి గుర్తులు నుదుటి మీదే ఉండేవి, ఫోన్లలో ఉండేవి కావు. ఇప్పుడు పొద్దున కళ్లు తెరిచేసరికి నా మనవడి ఫోన్లో శంఖం, చక్రం, త్రిశూలం, ఓంకారం వరసగా దిగుతుంటాయి. ఏ గుర్తు ఏ గోడకు పెడితే ఏ పుణ్యమో కింద రాసి ఉంటుంది. పదిమందికి పంపకపోతే ఏ పాపమో అదీ రాసి ఉంటుంది. ఆ కింద మొహం కనపడని మనుషులు మా దేవుడు గొప్పంటే మా దేవుడు గొప్పని తిట్టుకుంటుంటారు. మా కాలంలో ఆ తిట్లు ఎదురెదురుగా నిలబడి తిట్టుకునేవాళ్లం. అవతలివాడి చేతిలో కర్ర కనపడుతుంది కాబట్టి మాట కాస్త చూసి వదిలేవాళ్లం. (అట్లాగని తక్కువ తిట్టుకున్నామని కాదు.) కోడిపందెం దగ్గర మొదలై యుద్ధం దాకా పోయిన గడ్డ పల్నాడు. ఇక్కడ రెండు గిత్తల బొట్టు మీద పంచాయితీ జరిగిందంటే మా వాళ్లెవరూ ఆశ్చర్యపోరు.

నాకప్పుడు మీసం సరిగా రాలేదు, అక్షరం అసలు రాలేదు. నకరికల్లు అవతల ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరి దగ్గర పాలేరుగా ఉండేవాణ్ణి. పెద్దాయన్ని పెద్దయ్య అనీ, చిన్నాయన్ని చిన్నయ్య అనీ పిలిచేవాళ్లం. వాళ్లకొక జత గిత్తలు. ఒకటి బూడిదరంగుది, మైలోడు. రెండోది మల్లెపువ్వు, తెల్లోడు. దూడలప్పటి నుంచి నా చేతి మీద పెరిగాయి. మైలోణ్ణి కాడికి కుడిపక్క కాకుండా కడితే అడుగు వేసేవాడు కాదు. తెల్లోడు పక్కన లేకపోతే కుడితి కూడా ముట్టేవాడు కాదు. అన్నదమ్ములు పొలాలు, ఇల్లు, ఇత్తడి బిందెలు అన్నీ పంచుకున్నారు. గిత్తల దగ్గరికొచ్చేసరికి చెరొకటి రాసుకున్నారు. కానీ ఒంటి గిత్తతో అరక సాగదు గనుక జత కలిపే ఉంచి, ఇద్దరి పొలాలూ దున్నుకునేటట్టు ఒప్పుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది.

పెద్దయ్యది మొదటి నుంచీ కోటప్పకొండ భక్తి. నుదుటి మీద విభూతి అడ్డంగా మూడు గీతలు. చిన్నయ్య ఒక ఏడు ఎక్కడో స్వాముల వారి దగ్గర వారం కూర్చుని, నిలువు నామంతో దిగబడ్డాడు. మనిషి మనిషే, గొంతు కూడా పాతదే, నామం ఒక్కటే కొత్తది. ఆ కొత్తలో దేన్ని చూసినా నామం పెట్టాలనిపించేది ఆయనకి. గాదెకి పెట్టాడు, గొళ్లేనికి పెట్టాడు, చివరికి తెల్లోడి నుదుటి మీద పెట్టాడు. మర్నాడు పొద్దున్నే పెద్దయ్య మైలోడి మొహాన విభూతి పూశాడు. ఆ తర్వాత ఆ పని నా నెత్తిన పడింది. రోజూ అరక కట్టే ముందు ఒకడికి అడ్డం, ఒకడికి నిలువు గీయాలి. గీసేటప్పుడు గిత్త తల పక్కకు తిప్పిందంటే నిలువు కాస్తా అడ్డమై కూర్చునేది. శివుడికీ విష్ణువుకీ మధ్య దూరం ఒక గిత్త మెడ తిప్పినంత అని నాకు అప్పుడే తెలిసింది గానీ, పాలేరు మాట పురాణం కాదు గదా.

అసలు సంగతేమిటంటే, పొద్దున పెట్టిన బొట్లు మధ్యాహ్నానికి ఉండేవి కావు. గిత్తల్ని గాడి దగ్గర కట్టేసి నేను బువ్వ తిని వచ్చేసరికి రెండు మొహాలూ బోడిగా ఉండేవి. "ఏందిరా ఇది? నా గిత్తకి బొట్టు చెరిపిందెవుడు?" అని పెద్దయ్య. "నా నామం మీద చెయ్యేసిన వాడి చెయ్యి ఇరగ్గొడతా" అని చిన్నయ్య. తమ్ముడు నాకు లంచమిచ్చి విభూతి తుడిపించాడని అన్న అనుమానం. అన్నే ఇచ్చాడని తమ్ముడి అనుమానం. (ఇద్దరిలో ఒక్కరూ ఒక బీడీ ముక్క కూడా ఇచ్చిన పాపాన పోలేదు.) గొడ్లు నాక్కుంటాయని నాకు తెలియదా అంటే, ఎందుకు తెలియదు? కానీ ఇల్లంతా అంతంత పెద్ద దేవుళ్ల పేర్లు మోగుతుంటే, గొడ్లు గొడ్లేనన్న సంగతి నేనూ మర్చిపోయాను.

చివరికి చిన్నయ్య తెగేసి చెప్పాడు. "నా గిత్త నీ గిత్త పక్కన ఉండదు. అమ్మేస్తన్నా." నూజెండ్ల వైపు నుంచి బేరగాణ్ణి పిలిపించాడు. వాడు పగ్గం భుజాన వేసుకుని వచ్చి, గొడ్లచావిడి అరుగు మీద కూర్చుని, తెల్లోడి పళ్లు చూశాడు. తెల్లోడు పోతే మైలోడు మేత మానేస్తాడు. మేత మానేసిన గిత్తను ఎవరికి అమ్ముతారో నాకు తెలుసు. పెద్దయ్య కాళ్లు పట్టుకున్నాను. "పంచాయితీలో చూద్దాంలేరా" అన్నాడు.

పంచాయితీ ఆ గొడ్లచావిడి ముందరే పెట్టారు. ఊళ్లో పురాణం మాస్టారని ఒకాయన ఉండేవాడు. బళ్లో పాఠం చెప్పింది తక్కువ, రామాలయంలో పురాణం చెప్పింది ఎక్కువ. ఆయన్ని మధ్యన కూర్చోబెట్టారు. గిత్తలకు నా చేత మళ్లీ కొత్తగా బొట్లు పెట్టించి, సాక్షుల్లాగా పక్కపక్కనే కట్టించారు.

"శివుడికెదురుగా కూర్చునేదెవురు? నంది గదా. ఎద్దు జాతంతా మాది" అన్నాడు పెద్దయ్య.

"ఆవుల్ని కాసిందెవురు? కిష్టుడు. ఆవు కడుపున పుట్టినయన్నీ మాయి" అన్నాడు చిన్నయ్య.

"మీ కిష్టుడు ఎద్దు రూపంలో వచ్చిన రాక్షసుణ్ణి కొమ్ములిరిచి చంపలా? ఆయన చేతికి గిత్తనెట్టా ఇస్తాం?"

"ఏడు ఎద్దుల్ని ఒక్క చేత్తో కట్టేశాడు, అది చెప్పవేం?"

"అది పెళ్లి కోసం జేశాడులే. పిల్లనిస్తామంటే నువ్వూ కడతావు!"

జనం నవ్వారు. మాస్టారు దగ్గి, బొట్ల అర్థం విప్పి చెప్పాడు. విభూతి మూడు గీతలూ మనిషిలోని అహంకారాన్ని కాల్చి బూడిద చేసిన గుర్తట. నామం స్వామి పాదాల గుర్తట, వాటి కింద తలవంచి బతకమని అర్థమట. చానా బాగా చెప్పాడు. వింటూనే అహంకారం కాల్చుకున్నాయన కర్ర తీశాడు, తలవంచుకున్నాయన బండి కాడిమాను ఎత్తాడు.

అప్పుడు లేచింది వాళ్ల అమ్మ. మేమంతా అవ్వ అనేవాళ్లం. నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. "ఒరేయ్ పెద్దోడా, చిన్నోడా! ఇద్దరికీ నా చన్నే గదరా ఇచ్చింది. అప్పుడు దాని మీద అడ్డబొట్టుందా, నిలువుబొట్టుందా అని చూసి తాగార్రా?" అంది. కర్ర ఒక జానెడు దిగింది. కాడిమాను కూడా దిగింది. అంతలో ఒక చప్పుడు వినపడింది. గరగరమని, ఆకురాయితో కొడవలి నూరినట్టు.

అందరూ తిరిగి చూశారు. తెల్లోడు మెడ చాచి, మైలోడి నుదుటి మీద విభూతి నాకేస్తున్నాడు. మైలోడు తల వంచి, హాయిగా కళ్లు అరమూసి నాకించుకుంటున్నాడు. అడ్డగీతలన్నీ అయ్యాక మైలోడు తల పైకెత్తి తెల్లోడి నామం అందుకున్నాడు. పాదాలూ పోయాయి, బూడిదా పోయింది. రెండు మొహాలూ తడితడిగా మెరుస్తున్నాయి.

"అయ్యా, నాక్కుంటన్నయ్! చెమట ఉప్పు కోసం నాక్కుంటన్నయ్! నేను కాదు తుడిచింది!" అని అరిచాను.

"నోరు ముయ్యరా" అన్నాడు మాస్టారు. ఆయన కళ్లు అప్పటికే పైకి వెళ్లిపోయాయి. "ఇది నాకడం కాదు. శివుణ్ణి విష్ణువు, విష్ణువును శివుడు తమలో కలుపుకోవడం. హరిహర స్వరూపం! మన చావిడిలో వెలిసింది!"

"ఉప్పు సామీ..."

"నోరు ముయ్యమన్నానా!"

ముందుగా చెంపలేసుకున్నది బేరగాడు. పగ్గం భుజం మీద సర్దుకుని, "దేవుణ్ణి కొని నేనేం జేసుకోను బాబూ? దున్నిస్తే పాపం, కొడితే పాపం, కోతకమ్మితే ఇంకా పాపం. మీ దేవుళ్లు మీ దగ్గరే ఉండనీయండి" అని బస్సు వేళయిందంటూ వెళ్లిపోయాడు. ఆ రోజంతా మాట్లాడినవాళ్లలో తెలివిగలవాడు వాడొక్కడే.

నాకు కావలసింది నాకు దక్కింది. జత విడిపోలేదు. ఆ సంతోషంలో ఉప్పు సంగతి మళ్లీ ఎత్తలేదు, ఎత్తినా వినేవాళ్లెవరు? గిత్తలకి హారతులు, కొబ్బరికాయలు, బెల్లం. దేవుళ్ల మెడ మీద కాడి పెట్టకూడదన్నారు. అన్నదమ్ములు కలిసి ట్రాక్టరు పిలిపించుకుని దున్నించుకున్నారు. తిరునాళ్ల బండలాగుడులో ఊరికి పేరు తెస్తాయనుకున్న గిత్తలు పొంగలి తిని గుమ్మడికాయల్లా ఊరాయి. నేను అరక వదిలేసి వాటికి విసనకర్ర పట్టాను. బొట్లు మాత్రం రోజూ పెట్టేవాణ్ణి. రోజూ నాకేసేవి. జనం రోజూ దణ్ణం పెట్టేవాళ్లు. ఏళ్లు గడిచాక ముందు మైలోడు పోయాడు. తెల్లోడు కుడితి మానేశాడు. ఎంత బతిమాలినా తాగలేదు. ఇద్దర్నీ పక్కపక్కనే పూడ్చాం, మైలోణ్ణి కుడిపక్కన.

ఆ తర్వాత నేను రెంటచింతల వైపు పనికి వచ్చేసి, అక్కడే స్థిరపడ్డాను. అరవై దగ్గర పడ్డాక మా కోడలు పట్టుబట్టి నా చేత అక్షరాలు దిద్దించింది. కూడబలుక్కుని చదవడం రాగానే బస్సులూ బోర్డులూ వదలకుండా చదివేవాణ్ణి. మొన్నామధ్య నకరికల్లు వైపు చుట్టాలింటికి పోతూ ఆ చోటికి వెళ్లాను. గిత్తల్ని పూడ్చిన చోట పాలరాతి గుడి లేచింది. గోడ మీద స్థలపురాణం రాశారు. నిలబడి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాను. హరిహరులు గిత్తలై ఇక్కడ అవతరించారట. వారిని సేవించిన పాలేరు పరమభక్తుడట, పుట్టుమూగట, గిత్తలతోపాటే దైవంలో ఐక్యమయ్యాడట. పక్కనే బొమ్మ. నెత్తి వెనక వెలుగు, మెలితిరిగిన మీసం. (అంత మీసం నాకు ఈనాటికీ లేదు.)

"చెప్పులు తీసి రా తాతా, సమాధి ఉంది" అన్నాడు పూజారి.

"ఆ పాలేరు నేనేనయ్యా" అన్నాను.

పూజారి జాలిగా నవ్వాడు. "ఆయన మూగాయన తాతా. నువ్వు మాట్టాడతన్నావుగా!"

ఆనాడు నోరు ముయ్యమన్నారు, ఒక్క పూట మూసినందుకు జన్మంతా మూగవాణ్ణి చేశారు. చెప్పులు తీసి, నా సమాధికి నేనే దణ్ణం పెట్టుకున్నాను. పూజారి నా నుదుటి మీద విభూతి అడ్డంగా పూసి, దాని మీదనే నిలువునా నామం దిద్దాడు.

ఎండలో చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది. "ఏందయ్యా ఆ మొహం, పిండిమిల్లు నుంచి వచ్చినట్టు?" అని కొంగు తడిపి, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, నుదురంతా గరగరా తుడిచేసింది.

మైలోడిలాగా తల వంచి, కళ్లు అరమూసి నిలబడ్డాను.