పదకొండు ఊళ్ళు, ఒక్క పగలు

ఆ రోజుల్లో నాకు తెలిసిన ప్రయాణమంటే దిగడం, ఫోటో తీసుకోవడం, మళ్ళీ ఎక్కడం. చూశామా లేదా అన్నది తర్వాతి సంగతి, వెళ్ళొచ్చామా లేదా అన్నదే ముఖ్యం. అలాంటిదాన్ని సిడ్నీకొచ్చి టూరిజం చదువుతానని ఎందుకు బయల్దేరానో నాకిప్పటికీ అంతుపట్టదు. (మా ఇంట్లోవాళ్ళకి అప్పుడే అంతుపట్టలేదు.) టూరు ప్లాను వేయడమనే ఒకే ఒక్క సబ్జెక్టు రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే, నిన్నెందుకు ఉంచుకోవాలో చెప్పమని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వస్తుంది, సీటు పోతే వీసా కూడా పోతుంది. చెప్పడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు. సిడ్నీ శివారు టూంగాబీలో నేను అద్దెకున్న గదిలో, మంచం కింద సూట్‌కేసు కనబడ్డప్పుడల్లా దాన్ని కాలితో ఇంకాస్త లోపలికి తోసేదాన్ని.

మూడోసారి ఇచ్చిన పని ఇది: మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన, ఆయన భార్య బ్రిటన్‌లోని వేల్స్ వెళుతున్నారు. అక్కడ ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతంలో వాళ్ళకు ఒకరోజు ప్లాను వేసి, క్లాసులో అందరి ముందూ వివరించాలి. మా లెక్చరర్ పుట్టి పెరిగింది ఆ కొండల్లోనే. (తోటివాళ్ళంతా ఆవిడను పేరుపెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక మేడమ్ అనేదాన్ని. అన్నప్పుడల్లా ఆవిడ, వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూసేది.) ఆ ఊళ్ళ పేర్లు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఇక ఏడుపొచ్చి, ఇంటిగల అంకుల్‌ని శరణువేడాను.

ఆయన్ని అందరూ బస్సు అంకుల్ అనేవారు. కాకినాడ మనిషి. అక్కడి తెలుగు చర్చివాళ్ళకి ఏటా ఒకరోజు టూరు ఏర్పాటు చేసేది ఆయనే. మెడలో విజిల్, చేతిలో పేర్ల లిస్టు, పులిహోర పొట్లాలు బస్సులోనే. ఆయన టూర్లలో ఇంతవరకూ ఎవరూ తప్పిపోలేదు, ఎవరూ ఏదీ సరిగ్గా చూడనూ లేదు.

"ఇదేవుందమ్మా, అరగంట పని," అంటూ ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఈ కాన్వీలో క్యాసిల్ ఉంది, పావుగంట రాసుకో. పక్కనే బ్రిటన్‌లోకెల్లా చిన్న ఇల్లంట. చిన్నదేగా, టూ మినిట్స్ చాలు."

"స్నోడన్ కొండమీదికి రైలుంది అంకుల్. పోయి రావడానికి రెండున్నర గంటలంట."

"అంతసేపా? మిగతా ప్లేసెస్ మిస్సయిపోవూ? కిందనుంచే చూపించేద్దాం. కొండన్నాక కిందనుంచే బాగా కనబడుద్ది."

నిజమేననిపించింది, చెప్పొద్దూ. లాండడ్నోలో సముద్రం పది నిమిషాలు, బెత్సికోయిడ్ దగ్గర జలపాతం పది, కార్నార్వన్ కోట ఇరవై. అలా పదకొండు చోట్లు తేలాయి. బెడ్‌గెలర్ట్ అనే ఊళ్ళో కుక్క సమాధి ఉందని చదివితే అంకుల్ కాగితం మీంచి తలెత్తారు. "కుక్కదా? ఫైవ్ మినిట్స్ వేసెయ్. కాళ్ళు చాపుకుంటారు."

క్లాసులో, పొద్దున్నే ఐదున్నరకి ఆ దంపతుల్ని బస్సెక్కించడంతో మొదలుపెట్టాను. నాలుగో ఊరికి వెనక ఎవరో నవ్వారు. ఏడో ఊరికి అందరూ నవ్వారు. మేడమ్ ఒక్కతే నవ్వలేదు, నాకు భయమంతా అక్కడే.

"మోకాలి ఆపరేషన్ అయిన మనిషి పదకొండుసార్లు బస్సు దిగి ఎక్కుతాడా?" అని అడిగింది.

"ఎక్కుతారు మేడమ్. విజిల్ వేస్తాం."

"వాళ్ళు టీ ఎక్కడ తాగుతారు?"

"బస్సులో మేడమ్."

"కాసేపు కూర్చునేది?"

"అదీ బస్సులోనే."

నా పని అయిపోయిందని తెలిసిపోయింది. అమ్మకి ఫోన్లో ఏ మాటతో మొదలుపెట్టాలా అని అక్కడే నిలబడి ఆలోచిస్తున్నాను. అంతలో ఆవిడ నా కాగితం మీద ఒకచోట వేలుపెట్టి, ఈ కుక్క సమాధి దగ్గరికి జనం ఎందుకు వెళతారో తెలుసా అంది. తెలియదన్నాను. ఆవిడే చెప్పింది. ఒక రాజు వేటనుంచి వచ్చేసరికి ఊయల తిరగబడి ఉంది, పసివాడు కనబడలేదు, కుక్క మూతినిండా రక్తం. కత్తి దూసి పొడిచేశాడు. తీరా చూస్తే ఊయల కింద పిల్లవాడు క్షేమం, పక్కన చచ్చిన తోడేలు.

నేను పరీక్షలో ఉన్నానన్న మాటే మరిచిపోయాను. "కుక్క కాదు మేడమ్, ముంగిస," అన్నాను. "తోడేలు కాదు, పాము. తల్లి నీళ్ళకెళ్ళి వచ్చేసరికి ముంగిస గుమ్మంలో ఎదురొచ్చింది. దాని మూతికి రక్తం చూసి, నీళ్ళబిందె దానిమీద పడేసింది." మా అమ్మమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా నేను అన్నం మానేసేదాన్ననీ, ముంగిస బతికిందని మార్చి చెబితేనే ముద్ద మింగేదాన్ననీ కూడా చెప్పేశాను. చెబుతూ ఏడ్చేశాను. ముంగిస కోసం ఎంత, వీసా కోసం ఎంత అంటే విడదీసి చెప్పలేను.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. "నువ్వు ఆ సమాధి దగ్గరికి వెళితే ఎంతసేపుంటావు?" అంది మేడమ్.

"తెలీదు మేడమ్. ఈలోగా బస్సు వెళ్ళిపోతుందేమో."

"అయితే బస్సు తీసెయ్. శుక్రవారానికి మళ్ళీ రాసుకురా."

రాశాను. ఒకటే ఊరు, దాని పక్కన ఏరు, ఆ సమాధి, మోకాలికి ఒక బెంచీ, తీరిగ్గా టీ. అంకుల్ అది చదివి, "రోజంతా ఒక్క ఊళ్ళోనా? మనోళ్ళయితే నన్ను ఆ ఏట్లోకి తోసేత్తారు," అన్నారు. పాసవడానికి కావలసిన యాభై మార్కులు సరిగ్గా వచ్చాయి. యూనివర్సిటీ నుంచి ఉత్తరం రాలేదు.

ఇప్పుడు సిడ్నీలోనే ద పాండ్స్ అనే పేటలో నాకో చిన్న టూర్ల ఆఫీసుంది. వచ్చినవాళ్ళకి ఒక్క ఊరు చాలని, ఏటి ఒడ్డున ఊరికే కూర్చోండని ఎంతో ప్రేమగా చెబుతాను. వాళ్ళు మర్యాదగా విని, "మరి మిగతావి ఎప్పుడు చూపిస్తారండీ?" అంటారు. మొదట్లో వాదించేదాన్ని. ఈమధ్య ఆ ఓపిక పోయింది. మొన్న ఒక కుటుంబానికి వేల్స్‌లో ఒక్కరోజుకి పదమూడు చోట్లు రాసిచ్చాను, వాళ్ళు మహా సంతోషంగా వెళ్ళారు. ఆనాడు క్లాసులో నిలబడి ఏడ్చిన పిల్ల ఆ కాగితం చూసి ఉంటే, నాకు పాస్ మార్కులు కూడా వేసేది కాదు.