బుద్రి టీచర్ మీద కంప్లయింట్ రాసింది నేనే

నిన్న పొద్దున కొట్టు షట్టర్ తీస్తుంటే ఫోన్ మోగింది. మా బజారు వాట్సాప్ గ్రూప్.

బుద్రి టీచర్ ఫోటో. కింద దండం పెట్టే చేతులు.

గుండెపోటట. ఆస్పత్రికి చేరేలోపే పోయిందట.

షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను.

తర్వాత మెసేజ్‌లు చదివాను. ఒళ్లు మండింది. "గొప్ప మనిషి." "మన బజారుకి తీరని లోటు." "పిల్లల పాలిట దేవత." స్టీలు సామాన్ల కొట్టాయన అప్పుడే ఫ్లెక్సీ కూడా ఆర్డర్ పెట్టాడట.

సిగ్గుండాలి. ఎనిమిదేళ్ల కిందట ఆవిడ మీద పెట్టిన కంప్లయింట్‌లో నా సంతకం కింద మొదటి సంతకం ఈయనదే. రాసింది నేను కాబట్టి బాగా గుర్తు.

అవును, నేనే రాశాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మాది పార్వతీపురం వైపు. పెళ్లయ్యాక అరకు దగ్గర ఈ సంత ఊరికి వచ్చి కిరాణా కొట్లో కూర్చున్నాను. కంప్లయింట్ నాటికి బాబుకి మూడేళ్లు. బేరం చూడాలా, వాణ్ణి చూడాలా?

నాలుగడుగులేస్తే అంగన్‌వాడీ. అక్కడ టీచర్ బుద్రి, కొండ మీది మనిషి. ఆ కొండ పిల్లల మధ్య మన పిల్లలేంటని మా కొట్లవాళ్లకి చులకన. సంత రోజు మాత్రం అందరం పిల్లల్ని తెచ్చి అక్కడే దింపేవాళ్లం.

ఆవిడ నన్ను "నువ్వు" అనేది. అదో మంట నాకు.

పనయ్యాక రోజూ ఇల్లిల్లూ తిరిగేది. "ఎల్లగానే పిల్లడి మాటెత్తితే తల్లి బెదిరిపోద్ది. ముందు కోడి పొదిగిందా, కాపీ పళ్లు ఎర్రబడ్డాయా అని అడగాల. తరవాత తల్లే సెప్పుద్ది" అనేది.

మాకు కోళ్లు లేవు కాబట్టి నన్ను "బేరాలెలాగున్నాయి?" అని అడిగేది. కూపీ లాగుతోందనుకునేదాన్ని.

ఒక రోజు బాబుని తీసుకొద్దామని వెళ్తే, ఆవిడ పిల్లల వెనక నిలబడి స్టీలు కంచం మీద గరిటెతో కొడుతోంది. పిల్లలంతా వెనక్కి తిరిగారు. మావాడు తిరగలేదు. వాడి వీపు వెనక్కే వచ్చి, ఏదో గొణిగి, మళ్లీ కొట్టింది.

నన్ను చూసి, "గుంటడికి ఇనబడతన్నట్టు లేదమ్మా. బేగి పెద్దాసుపత్రిలో సూపించు" అంది.

నాకేం కనబడిందో చెప్పనా? కొండ మనిషి, నా బిడ్డ వెనక, కంచం మోగిస్తూ గొణుగుతోంది. చిల్లంగి. మా వైపు చేతబడిని అలాగే అంటాం. మూడేళ్లొచ్చినా వాడికి మాట రాకపోవడానికి కారణం దొరికిందనుకున్నాను.

డిగ్రీ చదివాను నేను.

ఆ సాయంత్రమే కాగితం మీద పెట్టాను. బజారంతా సంతకాలు చేసింది. అసలేం జరిగిందని ఒక్కరూ ఆవిణ్ణి అడగలేదు.

అంగన్‌వాడీ ఆఫీసువాళ్లు ఇంకా ఘనులు. ఆవిణ్ణి మూడు నెలలు పనిలోంచి ఆపేశారు. వేరే మనిషిని కూర్చోబెట్టి, గోడకి "తల్లిదండ్రులతో సత్సంబంధాలు" అని చార్ట్ అంటించారు. కొండ మీది తల్లులు ఒక్క పిల్లనీ పంపలేదు. వీపున కట్టుకుని కాఫీ తోటలకి తీసుకెళ్లారు. చార్ట్‌కి మాత్రం లామినేషన్ చేయించారు.

ఆ మధ్యలోనే బాబుని విశాఖపట్నంలో చూపించాం. డాక్టర్ వాడి వెనక్కి వెళ్లి మెల్లగా పేరు పిలిచాడు. తర్వాత గిలక్కాయ ఊపాడు. వాడు తిరగలేదు.

నాకు కంచం గుర్తొచ్చింది. ఆవిడ గొణిగింది వాడి పేరే.

చెవికి మిషన్ పెట్టించాం. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. గడగడా మాట్లాడతాడు, నాకు ఎదురు కూడా చెప్తాడు.

కంప్లయింట్‌లో పస లేదని ఆవిణ్ణి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. వచ్చిన మొదటి రోజే మా కొట్టు ముందు ఆగింది.

"బేరాలెలాగున్నాయి?"

తరవాత, తన చెవి మీద వేలు పెట్టి చూపించి, "గుంటడు ఇంటన్నాడా?"

నేను తల తిప్పుకున్నాను.

తప్పయిందని ఒక్క కాగితం రాసివ్వమని మా ఆయన పోరు పెట్టాడు. రాస్తే బజార్లో తలెత్తుకోలేనని ఊరుకున్నా. బదులుగా రెండు బిస్కెట్ ప్యాకెట్లు పంపాను. అంత దొడ్డ మనసు నాది. ఆవిడ వాటిని పిల్లలకి పంచేసింది.

ఆ మాట మాత్రం పోలేదు. కొత్తగా ఏ కొట్టావిడ వచ్చినా, "ఆ టీచర్ మీద చిల్లంగి గొడవుంది, జాగ్రత్త" అనేవాళ్లు. నా ముందే అనేవాళ్లు. నేను కందిపప్పు తూస్తూ వినేదాన్ని.

నిన్న మధ్యాహ్నం బాబుని తీసుకుని కొండ మీద ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆడవాళ్లు తిడతారనుకున్నా. తిట్టినా బాగుండేది. ఒక ముసలావిడ జరిగి, చాప మీద నాకు చోటిచ్చి, "బేరాలెలాగున్నాయమ్మా?" అని అడిగింది.

ఏడుపు ఆగలేదు.

ఈ రోజు ఆఫీసుకి వెళ్లి కాగితం ఇచ్చాను. నేను రాసింది అబద్ధమని, ఆవిడ నా బిడ్డ చెవి పరీక్ష చేసిందని. ఆ కాగితం ఫోటో కామెంట్‌లో పెట్టాను. "పోయాక ఎందుకమ్మా, ఆ ఫైల్ ఎప్పుడో మూసేశాం" అని నవ్వాడు అక్కడి గుమస్తా. బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఫ్లెక్సీ వేయించే పెద్దమనుషులకి ఒక మాట. ముందు దాని మీంచి మీ ఫోటోలు తీయించండి. ఈ రోజు నేనిచ్చిన కాగితం ఇంకో కాపీ మా కొట్లో ఉంది. అప్పుడు వచ్చినంత బేగి వచ్చి సంతకాలు చేయండి. పెన్ను నేనిస్తా.

టీచర్ గారూ, ఇక ఏ గుమ్మంలోనూ నిలబడి ఎవరి మనసూ గెలవక్కర్లేదు. నిమ్మళంగా పడుకోండి.

గుంటడు ఇంటన్నాడు.